పాల బిల్లు సందేశం ఎవరి చేతిలో ఉన్నది?



పాల బిల్లు బ్యాంకులో జమ కాగానే ఖాతాకు కలిపిన ఫోనుకు సందేశం వస్తుంది. ఇది మంచి సదుపాయమే. అయితే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెలలో ఖాతా భార్య పేర, ఫోను భర్త చేతిలో ఉన్న ఇండ్లు ఉన్నవి. కాపురం సజావుగా ఉన్నచోట చిక్కులేదు. కొట్టి, తిట్టి సొమ్ము లాగుకొనే ఇంట మాత్రం ఆ సందేశమే గొడవకు మొదలు.

ఫోను మరికొన్ని సంగతులు కూడా చెప్పివేస్తుంది. ఆమె ఫోను కొద్ది నిమిషాలు చేతికి చిక్కితే ఆమె వాట్సాప్‌ను వేరొక ఫోనుకు జతచేయవచ్చును. ఆపైన ఆమె సందేశాలు అక్కడా కనిపిస్తాయి. 'లింక్‌డ్ డివైసెస్' అనే చోట చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో 'లొకేషన్ షేరింగ్' తెరచి ఉంటే ఆమె ఉన్న చోటు కూడా తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవి కనిపించగానే తొందరపడి తీసివేయరాదు. పిన్ను మార్చినా, సందేశాలన్నీ చెరిపినా అతనికి అనుమానం కలిగి అపాయం పెరగవచ్చును. ముందు తలదాచుకొనే చోటు, తోడుండే మనిషి చూసుకొని, తరువాతనే మార్పులు చేయవలెను. సాయం అడుగుటకు నమ్మకమైన వేరొకరి ఫోను వాడుట మేలు.

రెండుపూటలా పాలు పోయుటకు కేంద్రానికి వచ్చే ఆడమనిషిని ఎందుకు వచ్చావని ఎవరూ అడుగరు. ఆ కాస్త సమయం ఆమెకు అక్కరకు రావచ్చును. కావున కార్యదర్శులు ఆమె బిల్లు వివరాలు ఆమెకు తప్ప ఇతరులకు, భర్తకైనా సరే, చెప్పరాదు. అడిగినచో ఒక ఫోను ఇచ్చి పక్కకు తప్పుకొనవలెను. ఆమె చెప్పిన మాట ఊరిలో పొక్కనీయరాదు. ఖాతాకు కలిపిన ఫోను నంబరు మార్చుకొనుటకు ఖాతాదారు తానే పాసుపుస్తకం, ఆధార్‌తో బ్యాంకుకు వెళ్ళవలెను. అయితే పై హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది. సందేశాలు ఆగినా అతడు గమనిస్తాడు.

చట్టం ఆమె పక్షాన ఉన్నది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. దెబ్బలే కాక, తిట్లు, సొమ్ము లాగుకొనుట కూడా దాని ప్రకారం హింసే. ఫోను ద్వారా కూడా ఆమెను పలకరించరాదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

మహిళల సహాయానికి 181, ఆపద వేళ పోలీసులకు 112. 2014లో భద్రాచలం ప్రాంతపు కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా నంబర్లు ఇవే. మాట్లాడిన తరువాత ఆ ఒక్క నంబరును ఫోనులో చెరిపివేయుట మరువరాదు.

గేదెకు జబ్బు చేస్తే అర్ధరాత్రి అయినా డాక్టరుకు కబురు పంపుతాము. మన సంఘపు సోదరికి కష్టం వచ్చినప్పుడు ఇంటిగుట్టు అని ఊరుకొనుట తగదు.