పురుగుమందుల అమ్మకం: లైసెన్సు నియమాలు, శిక్షలు

ధామన్కర్ నాకా పరిసరాలలోనూ, పద్మానగర్ సందులలోనూ నివసించే సాంచె కార్మికులకు నల్లుల బాధ కొత్తది కాదు. పగటి షిఫ్టువారు లేచి వెళ్లిన పరుపు మీదనే రాత్రి షిఫ్టువారు నడుము వాల్చే ఖోలీలో నల్లికి ఉపవాసమన్నది ఉండదు. అందువల్లనే పేరులేని సీసాలో నల్లుల మందో, కాగితంలో చుట్టిన తెల్లని బిళ్లలో చౌకగా దొరికితే జనం మరోమాట లేకుండా కొంటారు. అమ్మేవాడు కూడా చాలాసార్లు పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరినవాడే. ఆ అమ్మకం 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం నేరమన్న సంగతి తరచుగా ఇద్దరికీ తెలియదు.

ఈ చట్టం వెనుక ఒక విషాదం ఉంది. 1958 ఏప్రిల్, మే నెలలలో కేరళ, మద్రాసు రాష్ట్రాలలో విషం కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. పారథియాన్ అనే పురుగుమందును, ఆహార పదార్థాలను ఒకే ఓడలో రవాణా చేయడమే ఆ మరణాలకు మూలమని తేలింది. పదేళ్ల తరువాత చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. మనుషులు గాని, పశువులు గాని తినే పదార్థాలను తయారుచేసే, నిల్వ ఉంచే, అమ్మే కట్టడంలో పురుగుమందు ఉండరాదన్నది ఆ నియమాలలో ఒకటి. దోమల చుట్టలు, బొద్దింకల స్ప్రే వంటి గృహ వినియోగపు మందులకు మాత్రం మినహాయింపు ఉంది. అవి ఆ తరగతిలో రిజిస్టరై, నియమానుసారం లేబులుతో, చెక్కుచెదరని ప్యాకింగులో ఉంటే కిరాణా దుకాణంలో అమ్మవచ్చు. ప్యాకెట్టు విప్పి, విడిగా పొట్లాలు కట్టి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు.

దుకాణదారులలో బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. చేతిలో గుమస్తా లైసెన్సు ఉంటే ఏ సరుకైనా అమ్ముకోవచ్చునని చాలామంది భావిస్తారు. గుమస్తా అనేది దుకాణం నడుపుకొనడానికి సంబంధించినది. వ్యవసాయ పురుగుమందులు అమ్మాలంటే చట్టంలోని 13వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన లైసెన్సింగ్ అధికారి నుండి వేరుగా లైసెన్సు పొందాలి. రెండు చోట్ల అమ్మకం ఉంటే రెండు లైసెన్సులు కావాలి. ఏ కంపెనీ సరుకు అమ్మదలచారో ఆ కంపెనీ ఇచ్చిన ధ్రువపత్రాన్ని దరఖాస్తుకు జతచేయాలి. లైసెన్సును దుకాణంలో అందరికీ కనబడేలా ఉంచాలి. వ్యవసాయశాస్త్రంలో గాని, రసాయన, వృక్ష, జంతుశాస్త్రాల వంటి వాటిలో గాని పట్టా, లేదా గుర్తింపు పొందిన సంస్థ నుండి సస్యరక్షణ పాఠ్యాంశం గల ఏడాది డిప్లొమా ఉండాలని ఇటీవలి సవరణలు నిర్దేశించాయి. ఇన్‌పుట్ డీలర్ల కోసం ఇటువంటి డిప్లొమాను రూపొందించినది హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ. స్వగ్రామానికి తిరిగివెళ్లి ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టుకోవాలనే ఆలోచన ఉన్నవారికి ఈ సంగతి ఉపయోగపడుతుంది.

ఇళ్లకు వచ్చి మందు కొట్టేవారికి కూడా లైసెన్సు తప్పనిసరి. ధాన్యపు గోదాములలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల విషయంలో నియమం మరింత కఠినం. వీటిని సామాన్యులకు అమ్మకూడదు. ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన చీడ నివారణ నిపుణులు మాత్రమే వాడాలి. గాలిలోని తేమ తగిలితే చాలు, ఈ బిళ్లల నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఒక ఖోలీలో పెట్టిన బిళ్ల పక్క ఖోలీలో నిద్రించే పసిబిడ్డ ప్రాణం తీయగలదు. నల్లుల మందు పేరుతో చేతికి వచ్చే తెల్లని బిళ్ల ఇదే కావచ్చు.

లైసెన్సు లేకుండా అమ్మడమే కాదు, అమ్మకానికి నిల్వ ఉంచడం, ప్రదర్శించడం కూడా 29వ సెక్షన్ కింద శిక్షార్హం. అందుచేత తెలిసినవారి సరుకే కదా అని పెట్టెలను తమ గదిలో దాచిపెట్టేవారు ఒకసారి ఆలోచించాలి. 2000 నాటి సవరణ ప్రకారం మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 నుండి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ అదే నేరం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా 15,000 నుండి 75,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అప్పుడు దోషి పేరు, చిరునామా పత్రికలలో ప్రకటించమని కూడా న్యాయస్థానం ఆదేశించవచ్చు. అది విషమని తనకు తెలియదన్నంత మాత్రాన నిందితుడు తప్పించుకోలేడని చట్టం స్పష్టంగా చెబుతోంది.

సొంత ఇంట్లో వాడుకొనేవారికి ఈ చట్టం వర్తించదు గాని, విషం మినహాయింపులు చూడదు. కొనేటప్పుడు బిల్లు అడగాలి. ప్రతి అమ్మకానికి బిల్లు ఇవ్వడం అమ్మేవాని విధి. లేబులు మీద రిజిస్ట్రేషన్ సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉండాలి. ఇక్కడి ప్యాకెట్ల మీద తెలుగు అరుదు. అక్షరాలు చదవలేనివారు రంగు చూసి అయినా గుర్తించవచ్చు. లేబులుపై వజ్రాకారపు గుర్తులో ఎరుపు ఉంటే అత్యంత ప్రమాదకరం. ఆ తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ.

లైసెన్సులేని అమ్మకం కనబడితే వ్యవసాయ శాఖలోని పురుగుమందుల ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. దుకాణాన్ని తనిఖీ చేసి, నమూనాలు తీసుకొని, 30 రోజుల వరకు అమ్మకం ఆపించే అధికారం ఆయనకు ఉంది. ఎవరికైనా విషం సోకితే వారిని ముందుగా గాలి తగిలే చోటికి చేర్చి, 108కి ఫోను చేసి, మందు సీసానో ప్యాకెట్టునో వెంట ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.