వార్తల్లో పదం: సీ స్టేట్ బయాస్
ఉపగ్రహ రాడార్ (ఆల్టిమీటర్)తో సముద్ర మట్టాన్ని కొలిచేటప్పుడు అలల వల్ల దొర్లే తేడా ఇది. రాడార్ సంకేతం నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మట్టాన్ని లెక్కిస్తారు. అలల శిఖరాల కన్నా పల్లాలే సంకేతాన్ని బలంగా తిప్పి పంపడంతో మట్టం ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. ఈ తేడా అలల ఎత్తులో కొద్ది శాతమే. రెండు మీటర్ల అలలైతే కొన్ని సెంటీమీటర్లు. సముద్ర మట్టం ఏటా పెరిగేది మిల్లీమీటర్లలోనే కాబట్టి సవరణ తప్పదు. అలల ఎత్తు, గాలి వేగాలను కూడా అదే సంకేతం నుంచి రాబట్టి సవరిస్తారు.

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్‌లోని ఆల్టికా, కా బ్యాండ్ పౌనఃపున్యాల్లో పనిచేసిన తొలి సముద్ర ఆల్టిమీటర్. అలల వల్ల వచ్చే తేడా రాడార్ తరంగాల పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి దీనికి వేరే సవరణ లెక్కలు అవసరమయ్యాయి.