కథలయందు సంభాషణౌచిత్యము

కథయందు సంభాషణము రెండు పనులు చేయవలయును: మాటాడువాఁ డెట్టివాఁడో తెలుపవలయును, కార్యమును ముందునకు నడుపవలయును. ఈ రెంటిలో నొక్కటియుఁ జేయని వాక్యము వ్యాకరణశుద్ధమైనను కథకు భారమే. శుద్ధి వేఱు, ఔచిత్యము వేఱు. కథారచన నేర్పు పండితు లీ భేదమును విద్యార్థులకు మొదటనే చూపుట మేలు.

వ్యాకరణశాస్త్రము సంభాషణమును విస్మరించిన దనుట సరికాదు. అష్టాధ్యాయి 8వ అధ్యాయము మొదటి పాదమునందలి 8వ సూత్రము అసూయ, సమ్మతి, కోపము, నింద, బెదిరింపు అను నర్థములు తోఁచునప్పుడు వాక్యాదినున్న సంబోధనమునకు ద్విరుక్తిని విధించుచున్నది. ఆ యధ్యాయముననే రెండవ పాదమున, దూరమునుండి పిలుచునప్పుడు ప్లుతము చెప్పఁబడినది. అనఁగా మనోవికారము పలుకు రూపమును మార్చునని పాణిని యెఱుంగును. "ఓరి ఓరి, ఎంత పని చేశావురా!" యను తెలుఁగు పలుకునందును ఈ ధర్మమే కానవచ్చుచున్నది.

అయితే కంఠస్వరము అచ్చునకు రాదు. నటుఁడు కాకువుచేఁ దెలుపు దానిని కథకుఁడు పదక్రమముచేతను, చిన్న ప్రత్యయములచేతను దెలుపవలయును. పెట్టెలోని రూపాయలు పోయిన యింట నీ మూఁడు ప్రశ్నలను జూడుఁడు: "నువ్వు తీశావా?", "నువ్వా తీసింది?", "నువ్వేనా తీసింది?" మొదటిది విచారణము. రెండవదానియందుఁ దీయుట సిద్ధము. తీసినవాఁడు వీఁ డగుటయే యాశ్చర్యము. మూఁడవదానియం దనుమానము ముందే కలదు. "అని కోపముతో నడిగెను", "అని విస్మయముతోఁ బలికెను" అను వివరణములు వీనికి వలదు.

సంబోధన మంతకంటె బలవత్తరము. పదియేండ్లు మామగారిని "మీరు" అని మన్నించిన యల్లుఁడు ఒకనాఁడు "నువ్వు" అనినచో, ఆ కుటుంబమున నేమి విఱిగినదో కథకుఁడు వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

పాత్రోచితభాష మనకుఁ గ్రొత్త కాదు. మృచ్ఛకటికమున రాజశ్యాలుఁడు సకారమునకు మాఱుగా శకారమును బలుకుచు, పురాణకథలను తాఱుమాఱు చేయుచుండును; వాని మూఢతకు వేఱు సాక్ష్యము వలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున (ప్రథమముద్రణము 1897, పెంచిన కూర్పు 1909) గిరీశము పలుకులలోని యింగ్లీషు వాని డంబమును వెంటనే బయటఁబెట్టుచున్నది. ఇవి నాటకములైనను కథకునకు మార్గదర్శకములే.

చాకలియుఁ జక్రవర్తియు నొక్క గ్రాంథికమునే పలుకుట పూర్వరచనలపైఁ గల యాక్షేపము. అది న్యాయమైనదే. నేఁటి కథలలో గ్రాంథికము తొలఁగినది; కాని దాని స్థానమును పెక్కుచోట్ల వార్తాపత్రికల భాష యాక్రమించినది. పలనాటి రైతు, సిరిసిల్ల నేఁతకాఁడు, పట్టణపు వైద్యుఁడు ముగ్గురును ఒక్క యచ్చుపలుకే పలికినచో దోషము పేరు మాఱినది గాని తాను మాఱలేదు. బాలుఁడు తన యవ్వ మాటను విన్నది విన్నట్లు వ్రాయఁగా మనము ఎఱ్ఱసిరాతో దిద్దినచో, ఆ దోషమును మనమే నేర్పినవార మగుదుము. ఇంటి మాట వ్రాఁతకుఁ దగదని వాఁ డొకమాఱు నమ్మెనేని, చెవి మూసికొనియే కథ వ్రాయును.

ఉచ్చారణభేదముల నన్నిటిని అక్షరాక్షరము వ్రాసి పాఠకుని శ్రమపెట్టుటయుఁ దగదు. ఒక సంబోధనము, ఒక క్రియారూపము, ఒక యూఁతపదము చాలును. కాఁబట్టి దిద్దువారు కథకుని వాక్యమందలి తప్పును నిస్సంకోచముగా దిద్దవచ్చును. పాత్రనోటి మాటను దిద్దుటకు ముందు మాత్రము దానిని పైకిఁ జదివి, "ఈ మాట వీనిదేనా?" యని విచారింపవలయును. వానిదే యైనచో ఎఱ్ఱసిరాను ఆపవలయును.