గర్భిణులు, బాలింతలు, ఇంటి కషాయములు

మన పల్లెలలో కోడలు గర్భవతి యైనదని తెలిసిన నాటినుండి ఆ యింటి పొయ్యిమీద ఏదో యొక కషాయము కాగుచునే యుండును. వేవిళ్లకు అల్లము, అజీర్తికి జీలకర్ర, కడుపుబ్బరమునకు వాము, వేడి చేసినదన్నచో ధనియాలు, జలుబునకు తులసియు మిరియమును. ప్రసవమైన పిదప సొంఠి, పిప్పళ్లు, బెల్లము చేర్చిన కాయము. ఇవి అత్తగారు చెప్పినవి. ఆమెకు ఆమె అత్తగారు చెప్పినవి. ప్రభుత్వ ప్రకటనలు ఎన్ని వెలువడినను ఈ గిన్నె పొయ్యిమీదినుండి దిగదు. దిగవలసిన అవసరమును లేదు. అయితే అందులో ఏమి పడుచున్నది, అది దేనికి బదులుగా ఇయ్యబడుచున్నది అను రెండు ప్రశ్నలు మాత్రము అడుగవలసి యున్నవి.

ఇది ఆడవారి సంగతి, పంచాయతీకి దీనితో ఏమి పని యని సభ్యులలో కొందరికి తోపవచ్చును. 1992 నాటి 73వ సవరణచే రాజ్యాంగమున చేరిన 11వ షెడ్యూలులో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి అను మూడు విషయములును పంచాయతీలకు అప్పగింపదగిన వానిలో నున్నవి. తెలుగు రాష్ట్రములు రెండింటను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకే ప్రత్యేకింపబడినవి. కావున ఈ సంగతి మాటాడుటకు పంచాయతీ కంటె తగిన చోటు ఊరిలో మరియొకటి లేదు.

ముందుగా మేలు చేయువానిని చెప్పుదము. వేవిళ్లకు అల్లము వాడుట వట్టి నమ్మకము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణుల సంరక్షణకై వెలువరించిన సూచనలలో తొలి నెలల వికారమునకు అల్లమును పేర్కొన్నది. రోజు మొత్తముమీద 1 గ్రాము సొంఠిపొడి, అనగా సుమారు అర టీ చెంచా, చాలును. దానిని రెండు మూడు మారులుగా వేడినీటిలో కలిపి త్రాగవచ్చును. నెలసరి నొప్పికిని సొంఠి కొంత ఉపశమనమిచ్చునని పరీక్షలలో తేలినది. ఐతే త్రాగిన నీరు సైతము నిలువక వాంతియగుచున్నచో, మూత్రము తగ్గి చిక్కబడినచో, అది అల్లముతో తీరునది కాదు. ఆమెను ఆసుపత్రికి చేర్చి సెలైను ఎక్కింపవలెను.

జీలకర్ర, ధనియాలు, వాము, తులసి మొదలగువానికి మేము చెప్పు కొలత యొక్కటే. పోపుపెట్టెలోనుండి కూరకో చారుకో ఎంత తీయుదురో అంత వేసి కాచిన నీరు గర్భిణికి కీడు చేయదు. ఆ దినుసునే గుప్పెడు వేసి, నీరు ఎనిమిదవ వంతుకు ఇగురువరకు కాచినచో అది పానీయము కాదు, మందు. మందునకు వైద్యుడుండవలెను. మెంతులును ఇట్టివే. పులుసులో వేసిన మెంతులకు భయము లేదు. మధుమేహమునకని ప్రతిదినము చెంచాలకొలది మెంతిపొడి మ్రింగుట గర్భిణికి తగదు. అతిమధురము సంగతి వేరు. దగ్గునకు మంచిదని దీనిని చప్పరింతురు గాని, ఎక్కువగా వాడినచో రక్తపోటును పెంచును. ఫిన్లాండు దేశమున గర్భిణులను దీనిని అధికముగా తినవలదని అధికారులే హెచ్చరించిరి.

ఇక మనము ప్రతిదినము త్రాగు తేనీటి మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులు. గర్భిణికి రక్తములో హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందుము. 7కు తగ్గినచో ప్రాణాపాయము. ప్రసవ సమయమున కొంత రక్తము పోవుట సహజము. నిండుగా రక్తమున్న స్త్రీ దానిని తట్టుకొనును, లేనిది తట్టుకొనలేదు. ఇందులకే నాలుగవ నెలనుండి ప్రతిదినము ఒక ఎఱ్ఱ మాత్ర చొప్పున 180 దినములు, ప్రసవానంతరము మరల 180 దినములు ఇచ్చుచున్నారు. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. అన్నము తిని, మాత్ర వేసికొని, వెంటనే గ్లాసెడు టీ త్రాగినచో ఆ టీలోని వగరు పదార్థము ఇనుమును పట్టుకొని రక్తమున కలియనీయదు. కాఫీయు అంతే. వగరుగానుండు ఆకుల కషాయములును చాలవరకు అంతే. మాత్రకును టీకిని నడుమ గంటయైనను ఎడముండవలెను. మాత్రను నిమ్మకాయ నీటితో వేసికొన్నచో, లేక భోజనములో ఉసిరిక పచ్చడి యున్నచో ఇనుము బాగుగా ఒంటబట్టును. కాల్షియము మాత్రను ఇనుప మాత్రతో కలిపి వేసికొనరాదు.

ఈ మాత్ర చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన ముచ్చట యొకటి కలదు. బొంబాయి నేతమిల్లుల పేద గర్భిణులలో కనిపించిన యొక విధమగు రక్తహీనతను లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పరిశోధించి, ఈస్టు సారముతో అది నయమగుచున్నదని 1931లో ప్రకటించెను. అందులోని గుణకారి యేదో అప్పటికి తెలియదు. అదియే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1940–50 నడుమ అమెరికాలో దానిని విడదీసి, ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంగన్‌వాడీలో పంచు ఎఱ్ఱ మాత్రలో సగము కథ అది.

మాత్రలు పంచుట సులభము, మ్రింగించుట కష్టము. వేసికొన్నచో వికారము కలుగుననియు, విరేచనము నల్లబడుననియు భయపడి మానివేయుదురు. విరేచనము నల్లబడుట ఇనుము వలననే. అందు ప్రమాదము లేదు. రాత్రి భోజనము తరువాత వేసికొన్నచో వికారము తగ్గును. ఈ రెండు మాటలు ఇంటి పెద్దావిడకు ముందే చెప్పియుంచినచో మాత్రలు అటకెక్కవు.

ఇప్పుడు కీడు చేయువాని సంగతి. మూసాంబరము, సునాముఖి వంటి గట్టి విరేచనకారులు గర్భిణికి పనికిరావు. చిత్రమూలము వేరు, గన్నేరు వేరు విషములు. వీనిని గర్భము పోగొట్టుటకు రహస్యముగా వాడినవారున్నారు. గర్భము పోవుటకు ముందు తల్లియే పోయిన ఉదంతములును కలవు. ఈ విషయమున మొగమాటము వదలి మాటాడవలెను. వలదనుకొన్న గర్భమును తొలగించుకొనుటకు 1971 నాటి చట్టము స్త్రీకి మార్గము చూపినది. 2021లో దానిని సవరించిరి. చట్టము చెప్పిన కారణములున్నచో 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయముపై, కొన్ని ప్రత్యేక పరిస్థితులలో 24 వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముపై అనుమతించిన ఆసుపత్రిలో చేయుదురు. ఆమె పేరు బయటపెట్టరాదని చట్టమే శాసించుచున్నది. ఊరిలో ఈ మాట తెలిసినచో గన్నేరు వేరు వెదకువారుండరు.

సంతలోను, ఇంటింటికిని తిరిగి "మగబిడ్డ పుట్టును", "బిడ్డ తెల్లగా పుట్టును" అని పొడులు, గుళికలు అమ్మువారిని ఊరిలో అడుగిడనీయరాదు. అందు ఏమి కలిపిరో చెప్పగలవారు లేరు. ఆకు, వేరు వేరు. లోహము కలిపిన భస్మము వేరు. 2011–2012లో న్యూయార్కు నగరమున ఆరుగురు గర్భిణుల రక్తములో సీసము హెచ్చుగా కనబడగా, వారు మన దేశమునుండి వచ్చిన ఆయుర్వేదపు మందులు వాడుచుండిరని ఆరోగ్యాధికారులు కనుగొనిరి. సీసము తల్లి రక్తమునుండి బిడ్డకు చేరి మెదడునకు హాని చేయును. దీనినిబట్టి ఆయుర్వేదమంతయు చెడ్డదని మా యభిప్రాయము కాదు. సీసాపై పేరు, లైసెన్సు నంబరు, తయారైన తేది లేని మందును గర్భిణి నోట పెట్టరాదనియు, అవి యున్నను చదువుకొన్న వైద్యుని అడుగక వాడరాదనియు మాత్రమే చెప్పుచున్నాము.

అన్నింటికంటె మాకు ఆందోళన కలిగించునది మరియొకటి. ఏడవ నెలయో ఎనిమిదవ నెలయో వచ్చినది. కాళ్లు నీరు పట్టినవి. ఇంటివారు పల్లేరుకాయల కషాయమో, గలిజేరు ఆకు కషాయమో కాచి ఇచ్చెదరు. మూత్రము జారీయై వాపు కొంత తగ్గినట్లు కనబడును. అందరును నిశ్చింతగా నుందురు. కాని ముఖము, చేతులు కూడ ఉబ్బి, తలనొప్పి పుట్టి, కన్నులు మసకలు కమ్ముచున్నచో అది రక్తపోటు. 140/90 దాటిన రక్తపోటు గర్భిణికి ఆపద. ఫిట్స్ వచ్చి తల్లి, బిడ్డ ఇద్దరును పోవచ్చును. ఈ వ్యాధిని పల్లేరుకాయ కుదుర్చదు. వాపును తగ్గించి వ్యాధిని కప్పిపుచ్చును, అంతే. రక్తపోటు కొలుచు పట్టీ చేతికి చుట్టి రెండు నిమిషములలో చూడవచ్చును. ఆ రెండు నిమిషములకై ఆమెను ఎ.ఎన్.ఎం. వద్దకు పంపక పది దినములు కషాయము కాచుటయే మన ఊళ్లలో జరుగు పొరపాటు. రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట — వీనిలో ఏది కనబడినను పొయ్యి వెలిగింపక 108కి ఫోను చేయవలెను.

బాలింత విషయమున కాయము పెట్టుట మంచిదే. సొంఠి, మిరియము, పిప్పలి, వాము, వెల్లుల్లి, బెల్లము ఇంటి దినుసులు. చాలకాలముగా పెట్టుచున్నవే. మేము తప్పు పట్టునది దానితో చేర్చిన పథ్యమును. "నీరు త్రాగినచో పొట్ట జారును" అని గుక్కెడు నీరు ఈయక, కషాయపు చుక్కతో సరిపెట్టుదురు. పాలిచ్చు తల్లికి నీరు హెచ్చుగా కావలెను. పప్పు, గ్రుడ్డు, ఆకుకూర మాన్పించి కారప్పొడి అన్నముతో నెల గడుపుటవలన రక్తము మరింత క్షీణించును. మెంతులు, వెల్లుల్లి పాలు పడునని నమ్మిక, పెట్టినచో పెట్టుడు. కాని పాలు పడుటకు మూలము బిడ్డ చీకుట. పుట్టిన గంటలోపల బిడ్డను రొమ్మున చేర్చి, ముఱ్ఱుపాలు పారబోయక త్రాగించి, తరచుగా పాలిచ్చినచో పాలు వచ్చును. పసిబిడ్డకు మాత్రము ఆరు నెలలు నిండువరకు వాము నీరు గాని, ఏ కషాయము గాని, సంవత్సరము నిండువరకు తేనె గాని నాకింపరాదు.

సభ్యులు చేయవలసినది పెద్ద పని కాదు. ఊరిలో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘము కలదు. అంగన్‌వాడీ వద్ద ఆరోగ్య పోషకాహార దినము జరుగును. ఆనాడు గర్భిణులను మాత్రమే పిలుచుట పరిపాటి. వారితోకూడ వారి అత్తలను, తల్లులను పిలువుడు. కషాయము కాచునది వారే గదా! "మీరేమి కాచి ఇచ్చెదరు?" అని మర్యాదగా అడిగినచో వారు సంతోషముగా చెప్పెదరు. చెప్పినదానిని ఆశా కార్యకర్త వ్రాసికొని, సందేహమున్నవానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను. పెద్దావిడను మూర్ఖురాలని ఎగతాళి చేసినచో మరునెల ఆమె రాదు; కోడలిని రానీయదు.

అక్కడ రక్తపోటు యంత్రము పనిచేయుచున్నదా, హిమోగ్లోబిను చూచు సాధనము ఉన్నదా, ఎఱ్ఱ మాత్రలు నెలకు సరిపడ వచ్చినవా అని వార్డు సభ్యుడు స్వయముగా పోయి చూడవలెను. లేనిచో ఆ సంగతి తీర్మానముగా వ్రాసి మండల వైద్యాధికారికి పంపవలెను. మరియొక చిన్న యేర్పాటు. ఆనాడు అంగన్‌వాడీలోనే జీలకర్ర నీరో, పలుచని అల్లపు నీరో కాచి వచ్చినవారందరికి గ్లాసెడు చొప్పున ఇయ్యవచ్చును. అది త్రాగుచు కూర్చుండిన అరగంటలో అందరి రక్తపోటును చూచుట ముగియును.