‘సైట్ వచ్చిందేమో’ అనుకునే ముందు

తలనొప్పి అనగానే మనవాళ్లకు ముందు తట్టేది ‘సైట్ వచ్చిందేమో’ అని. అద్దాల షాపుకెళ్లి కంప్యూటర్ పరీక్ష చేయించుకుంటారు. చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేసి, కళ్లు బాగున్నాయట అని ఇంటికొచ్చేస్తారు. చాలామంది విషయంలో అది నిజమే. కొందరికి మాత్రం ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

మెదడు చుట్టూ నీటిలాంటి ద్రవం తిరుగుతుంటుంది. పెద్దవాళ్లలో అది ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లు, రోజూ కొత్తగా ఊరేది దాదాపు అర లీటరు. కాబట్టి పాతది ఎప్పటికప్పుడు రక్తంలోకి పోవాల్సిందే. కంతి అడ్డుపడినా, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా, క్షయ మెదడు పొరలకు పాకినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. పుర్రె సాగదు కదా! కంటి నరం చుట్టూ ఉన్నదీ అవే పొరలు, అదే ద్రవం. దాంతో ఒత్తిడి కనుగుడ్డు వెనక్కి చేరి, నరం మొదలు ఉబ్బుతుంది. దీన్నే పాపిలెడిమా అంటారు.

కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక లోపలికి చూస్తే ఆ నరం మొదలు ఒకటిన్నర మిల్లీమీటర్ల బిళ్లలా, గీసినట్టున్న అంచుతో కనిపించాలి. వాపు వస్తే అంచు చెరిగిపోతుంది, సిరలు లావై మెలికలు తిరుగుతాయి, పక్కన సన్నటి నెత్తుటి చారలు తేలతాయి. కంటి లోపలికి చూసే పరికరం గురించి హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించింది 1851లో. పదేళ్లు తిరక్కుండానే, 1860లో, బెర్లిన్ వైద్యుడు ఫాన్ గ్రేఫే మెదడు కంతులున్నవాళ్లలో ఈ వాపును వర్ణించాడు. ఎక్స్‌రే కూడా లేని కాలమది.

చిక్కంతా ఎక్కడంటే, మొదట్లో చూపు నిక్షేపంగా ఉంటుంది. వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు కళ్లు చీకట్లు కమ్ముతాయి. పొద్దున్నే తలనొప్పి ఎక్కువగా ఉంటుంది. చెవిలో నాడి కొట్టుకున్నట్టు హోరు, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించడం. వీటిని నీరసం ఖాతాలో వేసేసుకుంటాం.

ఇంగ్లండ్‌లో 2012లో ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి మామూలు కంటి పరీక్ష జరిగింది. రెటీనా ఫొటోల్లో వాపు ఉంది, పరీక్షించినావిడ గమనించలేదు. అయిదు నెలలకు, తలలో నీరు చేరి బాబు చనిపోయాడు. 2016లో ఆమెను దోషిగా తేల్చారు, 2017లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ జబ్బుకు చికిత్స ఉంది. అసలు బాధ అదే.

ఏ కంతీ లేకుండానే ఒత్తిడి పెరిగేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది ఒళ్లు చేసిన యువతులు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులూ కొందరిలో కారణమవుతాయి. ముందు ఎమ్మారై తీసి, ఆ తర్వాతే వెన్నులోంచి నీరు తీసి ఒత్తిడి కొలుస్తారు. ‘వెన్నులో సూది’ అనగానే హడలిపోయి ఆసుపత్రి నుంచి వచ్చేయడం తెలివైన పని కాదు. బరువు తగ్గడం, అసిటజోలమైడ్ మాత్రలతో చాలామందికి గుణం కనిపిస్తుంది. చూపు పడిపోతుంటే ఆపరేషన్ తప్పదు. ఆలస్యమై నరం పాలిపోతే మాత్రం పోయిన చూపు తిరిగి రాదు.

విపరీతమైన బీపీలోనూ కంటి నరం ఇలాగే వాస్తుంది కాబట్టి ముందు బీపీ చూపించుకోండి. తలనొప్పి వదలకపోతే ‘చుక్కలు వేసి నరం చూడండి’ అని కంటి డాక్టరును నోరు తెరిచి అడగండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు అంతా మసకగా ఉంటుంది. ఆ రోజు బండి మీరు నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.