సబ్‌స్టేషను కావలికాని చూపు



మన పల్లెలలో విద్యుత్తు నేడు దీపమునకు మాత్రమే గాక బావి నీటికి, పిండిమరకు, పాలకేంద్రమునకు గూడ ఆధారమైనది. అది ఊరికి చేరు త్రోవ మీ రెఱుగనిది కాదు. 33,000 వోల్టుల తీగ ఊరిబయటి సబ్‌స్టేషనునకు వచ్చును. అచ్చట పెద్ద ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టులకు దించును. అటనుండి ఫీడర్లను పేర కొన్ని దారులు పొలములమీదుగా ఊళ్లకు పోవును. గాలివానకు తీగ తెగి నేలబడినను, చెట్టుకొమ్మ విఱిగి రెండు తీగలను కలిపినను, ఆ దారిలో కరెంటును తక్షణమే ఆపవలెను. ఆపునది యేది? ఆపుమని ఆజ్ఞ యిచ్చున దేది? ఆజ్ఞ యిచ్చుదానికి ఆపద సంగతి తెలుపున దేది? ఈ మూడవ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగ విషయము.

ఆపునది బ్రేకరు. ఆజ్ఞ యిచ్చునది రిలే. ఈ రిలే మిక్కిలి సున్నితమైన యంత్రము. ఫీడరులోని వందల ఆంపియర్ల కరెంటును, 11,000 వోల్టుల ఒత్తిడిని అది నేరుగా తాళజాలదు. కావున పెద్ద కరెంటును ఒక నియమిత పాళమున తగ్గించి, దాని నమూనాను రిలేకు అందించు సాధన మొకటి కావలెను. దానికి కరెంటు ట్రాన్స్‌ఫార్మరని పేరు. లైనుమనులు దానిని సీటీ యందురు. రిలే కావలివాడైనచో సీటీ వాని కన్ను. కన్ను మసకబాఱిన కావలివాడెంత బలవంతుడైనను ఏమి లాభము?

మారుచుండు అయస్కాంతబలము తీగచుట్టలో విద్యుత్తును పుట్టించునని 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే కనుగొనెను. సీటీ ఆ సూత్రము మీదనే నడచుచున్నది. ఇనుముతో చేసిన కడియమువంటి గర్భ మొకటి యుండును. ఫీడరు తీగ దాని నడుమ నొక్కమారు దూరి పోవును. ఆ యినుముపై సన్నని రాగితీగ 200 చుట్లు చుట్టియుండును. ఫీడరులో 200 ఆంపియర్లు పాఱినప్పుడు సన్నతీగలో 1 ఆంపియరు పాఱును. ఫీడరులో 100 ఐన, ఇందులో అర యగును. దీనినే 200కు 1 పాళపు సీటీ యందురు.

ఈ పాళ మెల్లప్పుడును నిలుచునా? నిలువదు. ఇనుము తనలో నింపుకొనగల అయస్కాంతత్వమునకు ఒక హద్దు కలదు. మీరు కుంచముతో ధాన్యము కొలుతురు గదా. కుంచము నిండిన పిమ్మట పైనుండి ఎంత పోసినను అది నేలపాలేగాని కొలతకు రాదు. ఇనుము నిండిన పిమ్మట సీటీ గతియు నట్టిదే. ఫీడరులో వేల ఆంపియర్లు పాఱుచున్నను, సన్నతీగలోని కరెంటు ఆ పాళమున పెరుగక చితికిపోవును. ఆపద మిన్నంటిన గడియలోనే రిలేకు అది చిన్నదిగా కనబడును. అంతట రిలే ఆలస్యము చేయును; కొన్నిచోట్ల కదలకయే యుండును. సీటీ పరిమాణ నిర్ణయమున ప్రధానమైన మాట యిదియే: దానిని నిత్యపు కరెంటు చూచి మాత్రమే ఎన్నుకొనరాదు, లోపము సంభవించిన నాటి కరెంటు చూచి ఎన్నుకొనవలెను. చెరువునకు అలుగు కట్టువాడు చిఱుజల్లును చూచి కట్టడు. పెనువరదను తలచి కట్టును.

అయితే కరెంటు కొలిచి బిల్లు వ్రాయించు మీటరునకు వాడు సీటీ నడత వేఱు. అది నిత్యపు కరెంటును సూక్ష్మముగ కొలువవలెను. లోపము కలిగినప్పుడు త్వరగా నిండిపోయి మీటరును కాపాడవలెను. రక్షణకు వాడు సీటీ అట్లు నిండరాదు. అందుచేత పలుచోట్ల ఒకే తొడుగులో రెండు ఇనుప గర్భములుంచి, ఒకటి మీటరునకు, ఒకటి రిలేకు వాడుదురు. ఈ రెండింటిని తారుమారు చేసి కలిపినచో మీటరును చెడును, రక్షణయు చెడును.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూతము. మన సబ్‌స్టేషనులో 5,000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదనుకొందము. 11,000 వోల్టుల వైపున దాని పూర్ణభారపు కరెంటు సుమారు 262 ఆంపియర్లు. ప్రతి ట్రాన్స్‌ఫార్మరునకు తనగుండ పోవు కరెంటును అడ్డగించు గుణము కొంత కలదు. దానిని నూటికింతయని పలకపై చెక్కుదురు. మన దానికది నూటికి 7.15 అనుకొందము. 262ను 0.0715చే భాగించిన సుమారు 3,670 వచ్చును. సబ్‌స్టేషను గడపలోనే మూడు తీగలు కలిసినచో పాఱగల కరెంటు ఇంచుమించుగా ఇంతవఱకు ఉండునని ఎంచవలెను. మన ఫీడరునకు 200కు 1 పాళపు సీటీ పెట్టినారనుకొన్నచో, 3,670 ఆంపియర్లు 200కు 18 రెట్లకు పైమాట.

సీటీ పలకపై 5పీ10 అనియో 5పీ20 అనియో గుర్తు లుండును. ఇందులో ‘పీ’ రక్షణకైనదని తెలుపును. ముందున్న 5 తప్పు నూటికి 5కు మించదని హామీ. వెనుకనున్న 10 లేక 20 ఆ హామీ నిత్యపు కరెంటునకు ఎన్ని రెట్లవఱకు చెల్లునో తెలుపును. 18 రెట్లు రాగల చోట 5పీ10 పలక హామీ చాలదు, 5పీ20 సరిపోవును.

ఈ హామీకి ఒక షరతు కలదు. సీటీ మోయవలసిన భారము పలకపై వ్రాసినదానికి మించరాదు. ఆ భారములో రిలేతో పాటు, ఆవరణలోని సీటీ నుండి గదిలోని రిలేవఱకు సాగు రాగితీగయు చేరును. పలువురు మఱచునది ఈ తీగనే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 40 మీటర్లు పోయి తిరిగి 40 మీటర్లు వచ్చినచో దాని నిరోధము సుమారు 0.6 ఓములు. సన్నతీగ కరెంటు 1 ఆంపియరైనచో ఇది సీటీపై మోపు భారము 0.6 వోల్టాంపియరు మాత్రమే. అదే 5 ఆంపియర్లదైనచో, భారము కరెంటు వర్గమునుబట్టి పెరుగును గనుక, 25 రెట్లై 15 వోల్టాంపియర్లగును. పలకపై 15 అని యున్న సీటీ శక్తినంతయు ఆ తీగయే మ్రింగివేయును. రిలేకు మిగుల దేమియు లేదు. ఆవరణ దూరమైనప్పుడు 1 ఆంపియరు సీటీలను కోరుటకు కారణమిదియే. భారము తగ్గినకొలది సీటీ నిండక నిలువగల రెట్లు పెరుగును. పూర్వపు చక్రపు రిలేలు ఎక్కువ భారము మోపునవి. నేటి అంకెల రిలేలు బహుస్వల్పముగ మోపును.

మఱియొక చిక్కు కలదు. లోపము పుట్టిన తొలి క్షణములలో కరెంటు అటునిటు సమముగ ఊగక, ఒకవైపునకు ఒరిగి ఊగవచ్చును. ఆ ఒరుగుదల ఇనుమును మఱింత త్వరగా నింపును. మునుపటి లోపమునాడు ఇనుములో మిగిలిన అయస్కాంతత్వము దీనికి తోడగును. ఫీడరు రిలేకు దీనివలన కలుగునది తఱచు కొద్దిపాటి ఆలస్యమే. పెద్ద ట్రాన్స్‌ఫార్మరునకు రెండు వైపుల సీటీలు పెట్టి, లోపలికి వచ్చినదానిని వెలుపలికి పోయినదానితో సరిచూచు రిలేకు మాత్రము ఇది గండమే. ఒకవైపు సీటీ నిండి, రెండవది నిండకున్నచో, ఎచటనో దూరాన జరిగిన లోపమునకు మంచి ట్రాన్స్‌ఫార్మరునే ఆపివేయవచ్చును. అందుచేత అట్టిచోట్ల సీటీ ఎన్ని వోల్టులవఱకు నిండక తాళునో పరీక్షించి తీసికొందురు. వోల్టులను నూటికి 10 పెంచినప్పుడు ఇనుమును నింపు కరెంటు నూటికి 50 పెరుగు చోటును మోకాలి బిందువందురు. ఆ బిందువు అవసరమునకు పైన నుండవలెను.

ఇక మన ఊళ్లకు నేరుగ తగులు సంగతి. మోటారులు పెరిగినవని, వెలుగు చాలకున్నదని సబ్‌స్టేషనుకు రెండవ ట్రాన్స్‌ఫార్మరు కోరుదుము, కోరుట న్యాయమే. అట్టిదే మఱియొకటి తెచ్చి రెంటిని జతకలిపి నడపినచో, గడపలోని లోపపు కరెంటు 3,670 నుండి 7,340 ఆంపియర్ల దాకా పెరుగగలదు. ఫీడరు సీటీ నాటిదే. ఆ కరెంటు దాని పాళమునకు 36 రెట్లు దాటును. పలక హామీ 20 రెట్లే. భారము తక్కువగనున్నచో ఆ సీటీయే నెగ్గుకొనిరావచ్చును, లేకున్నచో మార్చవలసియుండును. ఏదైనను మరల లెక్కవేసినగాని తెలియదు. లెక్క తప్పినచో ఫీడరు బ్రేకరు తెఱచుకొనులోపల ట్రాన్స్‌ఫార్మరు బ్రేకరే తెఱచుకొని, ఒక దారిలోని లోపమునకు ఊళ్లన్నియు చీకటి పాలగును. అంతసేపును ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు ఆ తాకిడి నంతయు భరింపవలసినదే. బ్రేకరులకును ఆ పెరిగిన కరెంటును త్రెంచు శక్తి కలదో లేదో అప్పుడే చూడవలెను.

సీటీ విషయమున మఱువరాని భద్రతాసూత్ర మొకటి కలదు. ఫీడరులో కరెంటు పాఱుచుండగా సీటీ సన్నతీగను ఎన్నడును విప్పరాదు. విప్పినచో ఫీడరు కరెంటంతయు ఇనుమును నింపుటకే వినియోగమై, ఆ విప్పిన కొనలయొద్ద ప్రాణాంతకమైన వోల్టులు పుట్టును. అందుకే తెలిసిన పనివాడు రిలేను గాని మీటరును గాని తీయుటకు ముందు ఆ రెండు కొనలను కలిపి బిగించును.

ఇంత విన్న పిమ్మట, సీటీ సరిగనున్నచో భయమే లేదని తలపవలదు. తెగిన తీగ ఎండిన నేలపైనో, ఇసుకపైనో పడినప్పుడు పాఱు కరెంటు స్వల్పము. నిత్యపు కరెంటుకన్న తక్కువయైనను కావచ్చును. పెద్ద కరెంటును చూచుటకు ఎంత మంచి సీటీని పెట్టినను, అంత చిన్నదానిని రిలే ఆపదగా గుర్తింపకపోవచ్చును. కావున నేలబడిన తీగ చల్లబడినదని నమ్మరాదు. పిల్లలను, పశువులను దూరముగ నిలిపి, సబ్‌స్టేషనునకు గాని 1912 సంఖ్యకు గాని తెలిపి, కరెంటు ఆపినారని నిశ్చయమగువఱకు ఎవరిని దాపునకు పోనీయరాదు.

మీ ఊరికి క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చుచున్నప్పుడు ఇంజనీరుగారిని ఒక్కమాట అడుగుడు: “అయ్యా, దీనితోపాటు ఫీడర్ల సీటీలకును, రిలేలకును మరల లెక్క వేసినారా?” తన పని నెఱిగిన ఇంజనీరు ఈ ప్రశ్నకు నొచ్చుకొనడు, లెక్క చూపును. దీపము వెలిగించు శక్తి పెరిగినప్పుడెల్ల, దానిని ఆపు శక్తియు పెరుగవలెను.