వెతికితే దొరకరాని కాగితాలు



ఆస్తి దస్తావేజులు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల మార్కుల జాబితాలు ఒకప్పుడు బీరువాలో పట్టుచీరల అడుగున ఉండేవి. ఇప్పుడవి కంప్యూటర్లలోకీ, సెల్‌ఫోన్లలోకీ చేరాయి. పేరు కొడితే చాలు, క్షణంలో ముందుకొచ్చి నిలబడతాయి. మరి మనకు దొరికేవి పరాయివాళ్ళు వెతికినా దొరుకుతాయా?

వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్ మనం అడిగినప్పుడల్లా కాగితాలన్నీ తిరగేయదు. ముందే అన్నీ చదివి, లావుపాటి పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది తయారుచేసి పెట్టుకుంటుంది. ఏ మాట ఏ కాగితంలో ఉందో అందులో ఉంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఒక ఆసుపత్రికి సొంత సెర్చ్ ఉందనుకోండి. డాక్టరుగారి సౌకర్యం కోసం రోగుల రిపోర్టులన్నీ ఆ సూచికలోకి ఎక్కుతాయి. బిల్లులు రాసే గుమాస్తా అదే పేరు కొడితే? రిపోర్టు తెరుచుకోకపోయినా, “ఫలానా అమ్మాయి, గర్భస్రావం” అని పైన శీర్షిక ఒక్కటి కనిపిస్తే చాలదూ, ఆ పిల్ల నలుగురి నోళ్ళలో పడడానికి! అందుకని చూడకూడనివారికి శీర్షిక కూడా కనబడకూడదు. ఎన్ని దొరికాయన్న లెక్కయినా తెలియకూడదు.

ఇందుకు రెండు పద్ధతులున్నాయి. సూచికలోనే ప్రతి కాగితం పక్కన చూడదగినవారి జాబితా రాసి ఉంచడం ఒకటి. అడిగినవారి పేరు అందులో ఉంటేనే చూపిస్తుంది. పని చురుగ్గా సాగుతుంది. కాని ఈరోజు ఒకరి పేరు కొట్టేసినా, సూచికను సరిచేసేదాకా వారికి కనిపిస్తూనే ఉంటుంది. రెండోది, చూపించబోయే ముందు ప్రతిసారీ కాగితం దాచినచోటికి వెళ్ళి “వీరికి చూపించవచ్చునా?” అని అడగడం. ఆలస్యమే గాని భద్రం. రెండూ కలిపి వాడితే మరీ మేలు.

ఇక లోకమంతా వాడే సెర్చ్ ఇంజన్ల సంగతి. 2018 జూలైలో రష్యావారి యాండెక్స్‌లో వెతికినవాళ్ళకు గూగుల్ డాక్స్‌లోని ఎవరెవరి సొంత కాగితాలో కనిపించాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా, లింక్ ఉంటే ఎవరైనా చూసేటట్టు పెట్టినవే అవి. లింక్ అంటే ఇంటి చిరునామా లాంటిది. చిరునామా తెలిసినవాళ్ళంతా వచ్చేయగలరు. సెర్చ్ ఇంజన్లను రావద్దని వెబ్‌సైట్లవారు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు పెడతారు. అది గుమ్మానికి కట్టిన బోర్డు మాత్రమే. మర్యాదస్థులు చదివి ఆగుతారు, దొంగ ఆగుతాడా?

కనుక గూగుల్ డ్రైవ్ నుంచి కాగితం పంపేటప్పుడు, చూడవలసినవారి ఈమెయిల్ ఇచ్చి వారికి మాత్రమే అనుమతి ఇవ్వండి. పని తీరాక ఆ పేరు తీసేయండి. సెర్చ్‌లో కనిపించిందని అక్కడ మాత్రం తీయించి ఊరుకోకండి, కాగితం ఉన్నచోట తాళం వేయండి. మీ రిపోర్టులు దాచే ఆసుపత్రివారిని కూడా అడగండి: “నా పేరు కొడితే మీ దగ్గర ఎవరెవరికి ఏమేం కనిపిస్తాయండీ?” అడగడానికి మొహమాటం దేనికి? మన గుట్టు మనమే కాచుకోవాలి కదూ!